బోనులో ఎవరి బిడ్డ: ‘నార్తర్న్ లైట్స్’ నవల, ప్రయోగాల నీతి

చేపలు దాచే ఒక కొట్టంలో టోనీ మకారియోస్ అనే పిల్లవాడు ముడుచుకుని కూర్చుని ఉంటాడు. చేతిలో ఒక ఎండు చేప. చంటిపిల్లని పట్టుకున్నట్టు దాన్ని గుండెకి హత్తుకుని ఉంటాడు. బయట మంచు, చీకటి. ఊళ్లోవాళ్లు వాడి దగ్గరికి రావడానికే భయపడుతుంటారు. వాడిని వెతుక్కుంటూ వచ్చిన కథానాయిక, చిన్నపిల్ల లైరాకి కూడా మొదట జాలి కలగదు, కడుపులో తిప్పినట్టవుతుంది, పారిపోవాలనిపిస్తుంది. ఎందుకంటే ఆ పిల్లవాడి పక్కన ఉండాల్సిన ప్రాణి లేదు. దాన్ని ఎవరో కోసేశారు. అది లేని లోటుని వాడు ఎండు చేపతో పూడ్చుకుంటున్నాడు.

ఫిలిప్ పుల్‌మన్ రాసిన ‘నార్తర్న్ లైట్స్’లో సగం దాటాక వచ్చే సన్నివేశం ఇది. 1995లో బ్రిటన్‌లో వచ్చిన ఈ నవలకి ఆ ఏడాది బాలసాహిత్యానికి ఇచ్చే కార్నెగీ మెడల్ వచ్చింది. అమెరికాలో ‘ది గోల్డెన్ కంపాస్’ పేరుతో వేశారు. మూడు నవలల వరుసలో ఇది మొదటిది. ఎలుగుబంట్లు, మంత్రగత్తెలు, ఉత్తర ధ్రువ యాత్ర, ఇలా టీనేజ్ పాఠకుల్ని లాగేసుకునేవన్నీ ఇందులో ఉన్నాయి, చర్చి పెత్తనం మీద పుల్‌మన్ ఎత్తిన కత్తి గురించి చర్చ కూడా బోలెడు జరిగింది. ఆ చర్చ మధ్యలో కాస్త మరుగున పడిపోయిన విషయం ఒకటుంది. ఈ కథ నడిమధ్యలో ఉన్నది ఒక ల్యాబ్. అక్కడ జరిగేది పిల్లల మీద ప్రయోగం. ఇక్కడి నుంచి కథ ముగింపు కూడా మాటల్లోకి వస్తుంది, చదవనివాళ్లు గమనించాలి.

ముందు ఆ ప్రాణి సంగతి. లైరా ఉన్న లోకంలో మనిషి ఆత్మ ఒంటి బయట జంతువు రూపంలో ఉంటుంది. దాన్ని డీమన్ అంటారు. అది మాట్లాడుతుంది, వాదిస్తుంది, భయపడుతుంది, మనిషికి కొన్ని అడుగుల దూరం దాటి పోలేదు. పిల్లల డీమన్లు క్షణానికో రూపం మారుస్తాయి. పెద్దయ్యే వయసు రాగానే ఒక్క రూపంలో స్థిరపడిపోతాయి. ఒకరి డీమన్‌ని ఇంకొకరు ముట్టుకోవడం ఆ లోకంలో ఊహకి కూడా రాని తప్పు, యుద్ధంలో శత్రువులు కూడా ఆ పని చేయరు.

ప్రయోగాల గురించి మాట్లాడాలనుకున్న రచయితకి ఈ ఒక్క కల్పన ఎంత పనికొచ్చిందో చూడాలి. నిజ జీవితంలో ప్రయోగం వల్ల మనిషికి జరిగిన హాని చాలాసార్లు కంటికి కనిపించదు. ఒంటి మీద గాయం ఉంటే చూపించవచ్చు. అవమానాన్ని, తెలియకుండా వాడుకోబడ్డామన్న బాధని, నమ్మిన డాక్టరే మోసం చేశాడని తెలిసినప్పుడు లోపల విరిగిపోయేదాన్ని ఎలా చూపించాలి? ‘పెద్దగా ఏమీ కాలేదు కదా, బతికే ఉన్నాడు కదా’ అనేస్తారు. పుల్‌మన్ ఆ లోపలిదాన్ని తెచ్చి బయట పెట్టాడు, దానికి కళ్లు, గొంతు, వణుకు ఇచ్చాడు. ఇక ఏమీ కాలేదని అనడానికి వీల్లేదు. ఫ్యాంటసీ ఈ కథకి అలంకారంగా పెట్టింది కాదు, వాదన నిలబడిందే దాని మీద.

ఇక బోల్వాంగర్. ఉత్తరాన మంచులో కట్టిన ప్రయోగ కేంద్రం. ఎత్తుకొచ్చిన పిల్లల్ని ఇక్కడే పెడతారు. పాఠకుడు చీకటి గదులు, గొలుసులు, పిచ్చి నవ్వు నవ్వే సైంటిస్టు ఉంటారనుకుంటే అవేవీ కనిపించవు. వెచ్చని గదులు, శుభ్రమైన పక్కలు, వేళకి తిండి, నవ్వుతూ పలకరించే నర్సులు. బరువు చూస్తారు, కొలతలు తీసుకుంటారు, ఏవో ఫొటోలు తీస్తారు. పిల్లల్ని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుచుకుపోతారు. పిలిపించుకున్నవాళ్లు తిరిగి రారు. ఎక్కడికి వెళ్లారని అడిగితే అరకొర జవాబులు. మిగిలిన పిల్లలు రాత్రిపూట దుప్పట్ల కింద గుసగుసలాడుకుంటూ తెలిసిన ముక్కలన్నీ అతికించుకుని నిజం ఊహించడానికి తంటాలు పడుతుంటారు. ఆ గుసగుసల పేజీలు చదువుతుంటే వచ్చే టెన్షన్ ఎలుగుబంట్ల పోరాటంలో కూడా రాదు.

చేసే పని పేరు కూడా గమనించదగ్గదే. ఆత్మని కోసేయడం అని ఎవరూ అనరు, ‘ఇంటర్‌సిషన్’ అంటారు. చదువుకున్నవాళ్ల మాట, ఫైల్లో రాసుకోవడానికి బాగుంటుంది. ఈ పని నడిపించే సంస్థ పేరు ‘జనరల్ ఆబ్లేషన్ బోర్డ్’. ఒకప్పుడు తల్లిదండ్రులు మఠాలకి సమర్పించిన పిల్లల్ని ఆబ్లేట్లు అనేవారు. అంటే ఆ పేరులోనే బలి ఉంది, కానీ పవిత్రమైన ముసుగేసుకుని ఉంది.

ఇలా మాటలతో కప్పేయడం పుల్‌మన్ సొంత ఊహేమీ కాదు. అమెరికాలో అలబామా రాష్ట్రం మేకన్ కౌంటీలో 1932లో ప్రభుత్వ ఆరోగ్య శాఖ ఒక అధ్యయనం మొదలుపెట్టింది. 600 మంది నల్లజాతి మగవాళ్లు, వాళ్లలో 399 మందికి సిఫిలిస్. ఆ సంగతి వాళ్లకి చెప్పలేదు, ‘చెడు రక్తం’ ఉందన్నారు. రోగం ముదిరి ఏమవుతుందో చూడడమే ఉద్దేశం. పెన్సిలిన్‌తో నయమవుతుందని తేలాక కూడా ఇవ్వకుండా 1972 దాకా చూస్తూనే ఉన్నారు. మధ్యలో వెన్నులోంచి నీరు తీసే పరీక్ష చేయాల్సి వచ్చినప్పుడు, అది పరిశోధన కోసమే తప్ప వాళ్లకి ఏమాత్రం ఉపయోగపడకపోయినా, పంపిన ఉత్తరంలో ‘ప్రత్యేక ఉచిత చికిత్స’ అని రాశారు. బోల్వాంగర్ నర్సుల నవ్వులో ఉన్నదీ ఈ ఉత్తరంలో ఉన్నదీ ఒకటే.

డాక్టర్లు తమలో తాము మాట్లాడుకునే సన్నివేశం ఇంకా భయంకరం. గది పైకప్పులో దాక్కుని లైరా అంతా వింటుంది. మొదట్లో పిల్లవాడినీ డీమన్‌నీ చేతుల్తో లాగి విడదీసేవాళ్లట. ఇప్పుడు కొత్త యంత్రం వచ్చింది: రెండు జాలీ బోన్లు, ఒకదాంట్లో పిల్ల, ఇంకోదాంట్లో డీమన్, మధ్యలో వెండిలా మెరిసే బ్లేడు. దీనితో షాక్‌కి చనిపోయేవాళ్లు దాదాపు లేకుండా పోయారని సంతోషంగా చెప్పుకుంటారు. పద్ధతి మెరుగుపడింది, నిజమే. కానీ అసలు ఈ పని చేయొచ్చా అన్న ప్రశ్న ఆ గదిలో ఎవరి నోటా రాదు.

ఇక్కడ నవల పట్టుకున్నది చాలా లోతైన విషయం. 1959లో రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు జంతువుల ప్రయోగాలకి మూడు సూత్రాలు చెప్పారు: వీలైతే జంతువుల బదులు వేరేది వాడాలి, తప్పకపోతే సంఖ్య తగ్గించాలి, వాడినవాటికి బాధ తగ్గించాలి. నేటికీ ల్యాబుల్లో నడిచే మంచి సూత్రాలివి. కానీ మూడోదాన్ని మాత్రమే పట్టుకుని మిగతావి వదిలేస్తే వచ్చేది బోల్వాంగర్. బాధ తగ్గించాం కాబట్టి మంచివాళ్లమే అనే తృప్తి. తప్పుడు పనిని కూడా నీటుగా చేయవచ్చు, నీటుగా చేస్తున్నకొద్దీ చేసేవాడికి అది తప్పని అనిపించడమే మానేస్తుంది.

మరి ఇదంతా ఎందుకు చేస్తున్నారు? ‘డస్ట్’ అనే కంటికి కనపడని కణాలు పెద్దవాళ్ల చుట్టూ మూగుతాయి, పిల్లల జోలికి రావు. చర్చి దృష్టిలో ఆ డస్ట్ అంటే పాపం. డీమన్ స్థిరపడకముందే కోసేస్తే డస్ట్ అంటదు, పిల్లలు పాపం నుంచి బయటపడతారు. అంటే ఈ కోత పిల్లల మేలు కోసమే! ఆబ్లేషన్ బోర్డ్‌ని నడిపించే మిసెస్ కోల్టర్ ఈ మాట ఎంతో ప్రేమగా, తీయగా లైరాకి చెబుతుంది. చిన్న కోత, అంతే, తర్వాత డీమన్ చక్కటి పెంపుడు జంతువులా పక్కనే ఉంటుందని. అలా కోయించుకున్న పెద్దవాళ్లు ఎలా ఉంటారో పాఠకుడికి అప్పటికే తెలుసు. ఆ కేంద్రంలోని నర్సులే అలాంటివాళ్లు, పని బాగా చేస్తారు, దేని మీదా ఆసక్తి ఉండదు.

మేలు కోసమే అనే వాదన నిజ చరిత్రలో ఎంత బలంగా పనిచేసిందో చెప్పడానికి విల్లోబ్రూక్ ఒక్కటి చాలు. న్యూయార్క్‌లోని స్టేటెన్ ఐలండ్‌లో మానసిక ఎదుగుదల లోపం ఉన్న పిల్లల కోసం నడిచిన ప్రభుత్వ సంస్థ అది. అక్కడ 1950ల మధ్య నుంచి కొందరు పిల్లలకి కావాలనే హెపటైటిస్ వైరస్ ఎక్కించారు. పరిశోధకుల సమాధానం: ఆ సంస్థలో ఉంటే ఎలాగూ వాళ్లకి ఈ జబ్బు వస్తుంది, మా వార్డులో అయితే బాగా చూసుకుంటాం. తల్లిదండ్రుల సంతకాలు కూడా ఉన్నాయి. కాకపోతే 1964 చివర్లో చోటు లేదని మామూలు చేరికలు ఆపేశారు, ప్రయోగాల వార్డులో మాత్రం ఖాళీలున్నాయి. ఇంట్లో చూసుకునే ఓపిక అయిపోయిన తల్లికి ఎదురుగా ఉన్న దారి అదొక్కటే. కాగితం మీద సంతకం ఉంది, దాని వెనక ఇష్టం ఉందా?

బోల్వాంగర్‌లో సంతకం గొడవ కూడా లేదు, ఎత్తుకొచ్చేయడమే. ఎవరిని ఎత్తుకొస్తారో చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. టోనీ పేదవాడల పిల్లవాడు, వాడి కోసం పోలీసుల్ని కదిలించేవాళ్లెవరూ లేరు. లైరా స్నేహితుడు రోజర్ కాలేజీ వంటింట్లో పనిచేసే కుర్రాడు. జిప్షియన్లు పడవల మీద బతికేవాళ్లు, వాళ్ల పిల్లలు పోతే ఊళ్లో పెద్దమనుషులకి పట్టదు. ఒక్క పండితుడి కొడుకు కూడా మాయం కాడు.

ఇప్పుడు నవలకి గుండెకాయ లాంటి సన్నివేశం. లైరా దొరికిపోతుంది. డాక్టర్లు ఆమె డీమన్ పాంటలైమన్‌ని ఒట్టి చేతుల్తో పట్టుకుంటారు, ఆ స్పర్శకి లైరా ఒంట్లో సత్తువ అంతా పోతుంది. ఆమెని ఒక బోనులో, పాన్‌ని ఇంకో బోనులో తోస్తారు. బ్లేడు పైకి లేస్తుంది. సరిగ్గా అప్పుడు మిసెస్ కోల్టర్ లోపలికి వస్తుంది, లోపల ఉన్న పిల్ల ఎవరో చూస్తుంది, కూలబడిపోయినంత పనవుతుంది. ఆ బోను తయారుచేయించినావిడే పరుగున వచ్చి లైరాని బయటికి తీయిస్తుంది. లైరా ఆమె కన్నకూతురు.

తర్వాత గదిలో టీ ఇచ్చి, ఒళ్లో పెట్టుకుని, ఈ కోత పిల్లలకి మంచిదేనని ఆవిడ వివరిస్తుంటే లైరా అడిగేది ఒక్కటే: అంత మంచిదైతే నాకు చేయనివ్వకుండా ఎందుకు ఆపావు? నీతిశాస్త్రం పుస్తకాలు తిరగేస్తే దీని మీద వందల పేజీలు దొరుకుతాయి. పుల్‌మన్ ఒక పిల్ల చేత ఒక్క వాక్యంలో అడిగించాడు. దానికి మిసెస్ కోల్టర్ దగ్గర ఎన్ని మాటలున్నా జవాబు లేదు.

ఇక్కడితో ఆపేసి ఉంటే ఇది చెడ్డ చర్చి, మంచి తిరుగుబాటుదారు కథగా మిగిలేది. పుల్‌మన్ ఆపలేదు. లైరా తండ్రి లార్డ్ ఆస్రియెల్ చర్చికి బద్ధశత్రువు, స్వేచ్ఛ కోసం పోరాడేవాడు, జ్ఞానం మీద ఎవరి పెత్తనాన్నీ ఒప్పుకోనివాడు. లైరా ప్రాణాలకి తెగించి అతని దగ్గరికి వస్తుంది. తలుపు తీసి కూతుర్ని చూడగానే అతని మొహంలో భయం. నిన్ను నేను పిలవలేదు, పొమ్మంటాడు. వెనకాల నిలబడ్డ రోజర్‌ని చూడగానే ఆ మొహం తేరుకుంటుంది. మొదటిసారి చదివినప్పుడు ఎందుకో అర్థం కాదు. అర్థమయ్యేసరికి ఆలస్యమైపోతుంది. పిల్లవాడినీ డీమన్‌నీ కోసినప్పుడు బ్రహ్మాండమైన శక్తి వెలువడుతుంది, దానితో ఇంకో లోకానికి వంతెన వేయాలి. దానికి ఒక పిల్లవాడు కావాలి. సొంత కూతురు కాకూడదు, అంతే. రోజర్ చనిపోతాడు, ఆకాశం తెరుచుకుంటుంది, ఆస్రియెల్ నడిచి వెళ్లిపోతాడు.

తల్లీ తండ్రీ జీవితమంతా ఎదురెదురు పక్షాల్లో ఉన్నవాళ్లే. ఇద్దరూ చేసింది మాత్రం ఒకటే: తమ బిడ్డని పక్కన పెట్టి, పక్కింటి బిడ్డని బోనులో పెట్టారు. ఒకరి లక్ష్యం లొంగుబాటు, ఇంకొకరిది విముక్తి. రోజర్‌కి ఆ తేడా వల్ల ఒరిగిందేమీ లేదు. టీనేజ్ పాఠకులకి రాసిన పుస్తకంలో, హీరోలా కనిపించిన తండ్రి చేత ఈ పని చేయించడానికి చాలా ధైర్యం కావాలి.

అమెరికాలో ఆ సిఫిలిస్ అధ్యయనం బయటపడ్డాక మనుషుల మీద పరిశోధనల గురించి 1974లో చట్టం వచ్చింది, 1979లో బెల్మాంట్ నివేదిక వచ్చింది. అందులో మూడు సూత్రాలు: మనిషిని గౌరవించడం, మేలు చేయడం, న్యాయం. మూడోదానికి అర్థం ఏమిటంటే, పరిశోధన భారం ఒకరు మోస్తూ ఫలితం ఇంకొకరు తినకూడదు. ఖైదీలు, సంస్థల్లో ఉన్న పిల్లలు, పేదవాళ్లు సులువుగా దొరుకుతారు కాబట్టి వాళ్లనే వాడుకోకూడదు. నవల చివరి అధ్యాయాలు ఈ మూడో సూత్రం గురించే. అంతకుముందు, నాజీ డాక్టర్ల విచారణ తర్వాత 1947లో వచ్చిన న్యూరెంబర్గ్ నియమావళిలో పది అంశాలున్నాయి. మొదటిది స్వచ్ఛంద సమ్మతి. ఐదోది ఇంకో దారిలో ఇదే ప్రశ్నకి దగ్గరగా వస్తుంది: మరణం లేదా అంగవైకల్యం కలుగుతుందని ముందే నమ్మకం ఉన్న ప్రయోగం చేయకూడదు, ప్రయోగం చేసే డాక్టర్లే తమ ఒంటి మీద కూడా చేసుకుంటున్నప్పుడు బహుశా మినహాయింపు ఉండొచ్చు, అంటుంది. ముందు నువ్వు పడుకో ఆ బల్ల మీద, అన్నట్టు.

అయితే ‘నీ బిడ్డకి చేస్తావా’ అన్న పరీక్ష ఒక్కటే సరిపోతుందా? సరిపోదు. పోలియో టీకా కనిపెట్టిన జోనాస్ సాక్ 1953లో తనకి, భార్యకి, ముగ్గురు కొడుకులకి టీకా ఇచ్చాడు. ఎంతో నమ్మకం ఉంటే తప్ప చేసే పని కాదు, మెచ్చుకోవాల్సిందే. కానీ అంతకు ఏడాది ముందు, 1952లో, ఆ టీకాని పరీక్షించింది సంస్థల్లో ఉంటున్న పిల్లల మీద, వాళ్లలో మానసిక వైకల్యం ఉన్నవాళ్లూ ఉన్నారు. వరుస ఏదో అక్కడే తెలుస్తోంది. పైగా సొంత కొడుకైనా సరే వాడిది వాడి ఒళ్లు, తండ్రి నమ్మకం వాడి సమ్మతి అయిపోదు.

అలాగని పిల్లల మీద ప్రయోగాలే వద్దంటే కుదరదు. న్యూరెంబర్గ్ మొదటి నియమాన్ని అక్షరాలా పాటిస్తే చట్టప్రకారం సమ్మతి ఇవ్వలేని పిల్లలు ఏ పరిశోధనలోనూ ఉండకూడదు. అప్పుడు పిల్లల మందులన్నీ పెద్దవాళ్ల లెక్కల్ని బట్టి అంచనా వేసి ఇవ్వడమే అవుతుంది. క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ పెద్దవాళ్లకి బాగానే పనిచేసింది. అప్పుడే పుట్టిన పిల్లలకి ఇస్తే వాళ్ల లివర్ దాన్ని వదిలించుకోలేక, ఒళ్లు బూడిద రంగుకి మారి కొందరు చనిపోయారు. 1950ల చివర్లో గాని ఆ సంగతి తేలలేదు. అందుకే ఇప్పుడు తల్లిదండ్రుల అనుమతితో పాటు, అర్థం చేసుకునే వయసున్న పిల్లల్ని వాళ్లకి తెలిసే మాటల్లో అడిగి ఒప్పుకోలు తీసుకోవాలనే పద్ధతి వచ్చింది. నవల ఈ చిక్కులోకి వెళ్లదు. బోల్వాంగర్ ప్రయోగం ఎంత అడ్డగోలుదంటే అక్కడ తూకం వేయడానికే ఏమీ ఉండదు. ఇది పుస్తకంలో లోటే.

ఇంకో లోటు కూడా ఉంది, అది పెద్దది. బోల్వాంగర్‌లో ఇన్ని గదులు, ఇంతమంది డాక్టర్లు, ఒక్కడికైనా రాత్రి నిద్ర పట్టక, ఇది ఆపాలి అనిపించి ఎవరికైనా ఉత్తరం రాసినవాడు లేడు. నిజంలో అలాంటివాళ్లు ఉన్నారు. అలబామా అధ్యయనం సంగతి తెలిసిన పీటర్ బక్స్టన్ అనే ఉద్యోగి 1966లోనే పైవాళ్లకి అభ్యంతరం రాసి పంపాడు, పట్టించుకోలేదు. చివరికి విలేకరులకి చెప్పాడు, 1972లో వార్త వచ్చాకే అది ఆగింది. పుల్‌మన్ డాక్టర్లందర్నీ ఒకే రంగు తెల్లకోట్లలో ముంచేశాడు. పదిహేనేళ్ల పాఠకుడు రేపు నిజంగానే ఏదో ల్యాబ్‌లో ఉద్యోగానికి చేరొచ్చు. వాడికి లైరా ధైర్యంతో పాటు బక్స్టన్ లాంటి ఒక పాత్ర కూడా దొరికి ఉంటే ఎంత బాగుండేది.

రెండో పుస్తకం ‘ది సటిల్ నైఫ్’ 1997లో వచ్చింది. అందులో ఆ ఖాళీని కొంత పూడ్చే మనిషి వస్తుంది. డాక్టర్ మేరీ మలోన్, మనం ఉన్న ఈ లోకంలోని ఆక్స్‌ఫర్డ్‌లో కృష్ణ పదార్థం (డార్క్ మ్యాటర్) మీద పరిశోధన చేస్తుంటుంది. నిధులు అయిపోవస్తున్నాయి. ఒక పెద్దమనిషి వచ్చి డబ్బు ఇప్పిస్తానంటాడు, మేము చెప్పిన దిశలో పని చేయాలంటాడు. సహోద్యోగి సరేనంటాడు. మేరీ ఒప్పుకోదు, చివరికి తన ల్యాబ్‌నే వదిలేసి వెళ్లిపోతుంది. తర్వాతి పుస్తకంలో వేరే లోకంలో మ్యూలెఫా అనే చక్రాల ప్రాణుల మధ్య బతుకుతూ, వాళ్ల భాష నేర్చుకుని, వాళ్లతో కలిసి పనిచేస్తూ డస్ట్‌ని చూసే అద్దం తయారుచేస్తుంది. అదే డస్ట్. దానికోసమే బోల్వాంగర్‌లో పిల్లల్ని కోశారు.

ఆ మేరీ ల్యాబ్‌కి ఒకరోజు లైరా వెళ్తుంది. వైర్లు, ఎలక్ట్రోడ్లు, స్క్రీను. బోల్వాంగర్ నుంచి తప్పించుకుని ఎన్నాళ్లో కాలేదు, అలాంటి పిల్ల ఏ యంత్రాన్ని చూసినా పారిపోవాలి. కానీ మేరీ ఆమెని కూర్చోబెట్టి ఇది ఏం చేస్తుందో, తనకి ఎంతవరకు తెలుసో, ఏది తెలియదో అంతా చెబుతుంది. లైరా ప్రశ్నలు అడుగుతుంది, మేరీ జవాబులిస్తుంది, కొన్నింటికి ఎదురు ప్రశ్నలు వేస్తుంది. ఎవరూ బలవంతపెట్టకుండానే లైరా ఆ వైర్లు తగిలించుకుని స్క్రీను ముందు కూర్చుంటుంది. పాంటలైమన్ ఆమె దగ్గరే ఉంటాడు.